సైకిలు దిగి నడవడం అవమానమా?

మానవుడు నిర్మించుకున్న వాహనాలలో సైకిలు వంటి నిరాడంబరమైనది మరొకటి లేదు. దానికి గడ్డి వేయనక్కరలేదు, పెట్రోలు పోయనక్కరలేదు. తొక్కేవాని ఒంట్లోని సత్తువే దానికి ఇంధనం. చదునైన బాటమీద అది నడకకు మూడు నాలుగు రెట్ల వేగాన్ని ప్రసాదించి మనిషికి కొంత గర్వాన్ని కూడ కలిగిస్తుంది. అయితే ఎదుట ఒక కొండ నిలిచినప్పుడు ఆ గర్వం ఎంతోసేపు నిలువదు. చదునుబాటలో మన బలాన్ని పెంచి చూపిన సైకిలే ఎగుడుబాటలో మన బలహీనతను తూచి చూపే త్రాసు అవుతుంది. కనుకనే కాబోలు, సైకిలుపై కొండ నెక్కాలనే కోరిక యువకులకు సహజంగా కలుగుతూ ఉంటుంది. కోరిక మంచిదే. కాని దానిని ఏ దృష్టితో చేపట్టాలి, ఎక్కడ ఆగాలి, అసలు విజయమంటే ఏమిటి అనే ప్రశ్నలకు మన కళాశాలలలో సరైన సమాధానం దొరకడం లేదని మా అభిప్రాయం. ఈ అభిప్రాయం మాకు పుస్తకాల వలన కాక, ఒక ఓటమి వలన ఏర్పడినది.

మేము అయిదుగురం. పందెగాండ్రం కాము. ఇంటినుండి కళాశాలకు, కళాశాలనుండి ఇంటికి తొక్కడమే మా సాధన. మా సైకిళ్ళు నల్లరంగువి, కడ్డీ బ్రేకులవి. వాటిలో రెండు మా తండ్రుల కాలం నాటివి. 2024 ఏప్రిల్‌లో, రంజాన్ పండుగ గడిచిన మరుసటి వారం, హార్సిలీ కొండ నెక్కి రావాలని నిశ్చయించుకున్నాము. మదనపల్లెలో ఒక మిత్రుని ఇంట రాత్రి విడిది చేసి, తెల్లవారి ఎనిమిది గంటలకు బయలుదేరినాము. ఆ ఎనిమిది గంటలే మేము చేసిన మొదటి తప్పు.

మదనపల్లెకు వాయవ్యంగా, బి.కొత్తకోట మండలంలో ఉన్న ఈ కొండకు పూర్వనామం ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక ఆ కొండమీద నివసించి, అడవిలోని జనులకు మందుమాకులిచ్చి ఆదుకొనేదని స్థలకథ. 1870 ప్రాంతంలో హార్సిలీ అనే ఆంగ్ల అధికారి ఇక్కడి చల్లదనానికి ముగ్ధుడై వేసవి విడిది కట్టించుకొన్న తరువాత ఆయన పేరే కొండకు స్థిరపడిపోయినది. శిఖరం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు. మదనపల్లె పట్టణం దాదాపు 695 మీటర్ల ఎత్తున ఉన్నది. అనగా పట్టణంలో సైకిలెక్కినవాడు శిఖరాన దిగేసరికి తన్ను, తన సైకిలును నిలువునా 570 మీటర్లు పైకి మోసుకొని పోవలసి ఉంటుంది. అందులో అధికభాగం చివరనున్న ఘాటురోడ్డు వంపులలోనే ఎదురవుతుంది.

ఈ 570 మీటర్లు అంటే ఏమిటో మా భౌతికశాస్త్ర పాఠం ముందుగానే చెప్పగలిగి ఉండేది. మేము అడగలేదు. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు అనుకుందాము. ఈ 80 కిలోలను 570 మీటర్లు ఎత్తడానికి సుమారు 4 లక్షల 47 వేల జౌళ్ళ పని చేయాలి. పందెగాడు కాని యువకుడు నిలకడగా చేయగల పని క్షణానికి సుమారు 100 జౌళ్ళు. ఆ లెక్కన కేవలం ఎత్తు నెక్కడానికే గంటంబావు కాలం పడుతుంది. రోడ్డు రాపిడికి, గాలికి అయ్యే ఖర్చు దీనికి అదనం. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మన కండరాలు తిన్న ఆహారపు శక్తిలో నాలుగవ వంతునే పనిగా మార్చగలవు. తక్కిన మూడు వంతులు వేడిగా మారి ఒంటినుండి బయటికి పోవాలి. చదునుబాటలో వేగంవల్ల వీచే గాలి ఆ వేడిని తీసుకొనిపోతుంది. ఎగుడుబాటలో సైకిలు నడక వేగానికి దిగిపోతుంది, ఎదురుగాలి ఉండదు, పని మాత్రం హెచ్చుతుంది. కావున కొండ నెక్కేవానికి అలసటకంటె వేడి పెద్ద శత్రువు. రాయలసీమ ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం దగ్గరపడుతుండగా, మేము ఆ శత్రువును స్వయంగా పిలుచుకున్నాము.

ఇక సైకిలు సంగతి. మా పాతసైకిళ్ళకు పెడలు దగ్గరి పెద్దచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు ముందుకు పోతుంది. చదునుమీద ఇది ఎంతో హాయి. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తుమీద మాత్రం, పైన చెప్పిన బలంతో తొక్కేవాడు గంటకు ఏడు కిలోమీటర్లకు మించి పోలేడు. అప్పుడు పెడళ్ళు నిమిషానికి ఇరవై చుట్లు మాత్రమే తిరుగుతాయి. ప్రతి చుట్టుకూ సీటుమీదినుండి లేచి నిలబడి, ఒళ్ళంతా బరువుగా వేయాలి. సైకిలు అటూ ఇటూ తూలుతుంది. అది తొక్కడం కాదు, మెట్లెక్కడం. అదీ తూలే మెట్లు.

మొదటి వంపులు దాటేసరికే మాలో ఇద్దరు దిగి సైకిలును నెట్టుకుంటూ నడవసాగినారు. మిగిలిన ముగ్గురం వెనుదిరిగి చూచి నవ్వినాము. "దిగినవాడు ఎక్కినట్టు కాదు" అని ఒకడు శాసనం చేసినాడు. ఆ మాట అన్నవాడే మాలో బలిష్ఠుడు. కొండమీదికి చేరేవరకు నేలమీద కాలు మోపనని పంతం పట్టినాడు. సగం దారిలో అతని సైకిలు రోడ్డుకు అడ్డంగా వంకరలు తిరగడం గమనించినాము. దగ్గరకు పోయి చూడగా ముఖం ఎర్రబారి ఉన్నది, చెమట ఆగిపోయినది, అడిగిన దానికి పొంతనలేని సమాధానాలిస్తున్నాడు. చెట్టునీడకు చేర్చి, తువ్వాళ్ళు తడిపి మెడమీద, చంకలలో వేసినాము. నీళ్ళు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపినాడు. అప్పుడు తెలిసినది: పండుగ తరువాత షవ్వాల్ నెలలో ఉంచే నఫిల్ ఉపవాసాలలో ఒకటి ఆనాడు అతడు పాటిస్తున్నాడు. చెబితే ప్రయాణం వాయిదా వేస్తామనే భయంతో మాకు చెప్పలేదు. ఎంతో బతిమాలిన మీదట, గుక్కెడు గుక్కెడుగా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగినాడు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి మాకు సిగ్గుగా ఉన్నది. అయినా చెప్పక తప్పదు. మిత్రుడు కాస్త తేరుకొని కళ్ళు తెరవగానే మాలో వాదం మొదలయినది. అతనికి తోడుగా ఒకరు ఉండి, తక్కినవారు శిఖరం చూచి రావాలని ఇద్దరి వాదం. అందరం దిగిపోవాలని మరి ఇద్దరి వాదం. ఈ వ్యాసం వ్రాస్తున్న చేయి ఆనాడు ముందుకు పోదామన్న పక్షంలోనే ఉన్నది. ఇంత దూరం వచ్చి, శిఖరం ఇంత దగ్గరలో పెట్టుకొని తిరిగిపోతే కళాశాలలో ముఖమెట్లా చూపడమన్నదే మా బాధ. పక్కన పడి ఉన్న మిత్రుని ముఖం మాకు కనిపించలేదు. కళాశాలలో నవ్వే ముఖాలు కనిపించినాయి. అదృష్టవశాన కొండమీది దుకాణాలకు సరుకు దించి తిరిగివస్తున్న వ్యాను ఒకటి ఆగినది. అందులో మిత్రుని కూర్చోబెట్టి, మేము సైకిళ్ళతో దిగినాము. కొండ దిగువన టీ అంగడి ముసలాయన మా మొగాలు చూచి, అడగకుండానే సంగతి గ్రహించి, "కొండ యాడికీ పోదు నాయనా. పిల్లోడు పోతే మల్లా రాడు" అన్నాడు. ఇన్ని సంవత్సరాలు మేము విన్న ఉపన్యాసాలలో ఇంతటి సూటిమాట విన్నట్టు జ్ఞాపకం లేదు.

కళాశాలకు తిరిగిరాగానే మేము భయపడినదే జరిగినది. "ఎక్కినారా, లేదా?" అన్నదొక్కటే అందరి ప్రశ్న. లేదని చెప్పగానే మాకు "సగం కొండ సర్దార్లు" అని బిరుదు ప్రసాదించినారు. మిత్రుడు ఎట్లా ఉన్నాడని అడిగినవారు ఇద్దరో ముగ్గురో. మా ఉర్దూ అధ్యాపకులు మాత్రం అతనిని పిలిపించుకొని, నఫిల్ ఉపవాసం మనిషి తన ఇష్టంతో చేపట్టేదని, అవసరం వచ్చినప్పుడు దానిని విడిచి మరొకనాడు ఉంచుకోవచ్చునని, ప్రాణాన్ని కాపాడుకోవడం కూడ విశ్వాసంలో భాగమేనని నెమ్మదిగా చెప్పినారు. తోటివారితో కలిసి ప్రయాణమైనవాడు తన ఒంటి స్థితిని దాచడం వారికి చేసే అన్యాయమని కూడ అన్నారు. ఆ చివరి మాట మా అందరికీ తగిలినది. అతడు చెప్పకపోవడం తప్పే. అయితే చెప్పడానికి జంకేటట్లు చేసినది ఎవరు? దిగినవారిని చూచి నవ్విన మేమే కదా!

కొండదారిలో సైకిలు దిగడం అవమానమనే ఈ భావం ఎక్కడినుండి వచ్చినదో మాకు తెలియదు. కొండల సైకిలు పందేల చరిత్ర మాత్రం దానిని సమర్థించదు. ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెం 1903లో ఆరంభమయినది. 1910లో మొదటిసారిగా దానిని పిరనీసు పర్వతాల మహోన్నతమైన కనుమల మీదుగా నడిపించినారు. వాటిలో తూర్మలే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. ఆనాటి దారులు రాళ్ళూ మట్టీ. ఒక్కనాటి ప్రయాణమే 326 కిలోమీటర్లు. ఆక్తావ్ లపీజ్ అనే వీరుడు ఆ కనుమలో కొంతమేర సైకిలు నెట్టుకుంటూ నడిచినాడు. గుస్తావ్ గారిగూ అనే మరొకడు తూర్మలేను ఎక్కడా దిగకుండా ఎక్కి, అందుకుగాను 100 ఫ్రాంకుల బహుమతి పొందినాడు. కాని ఆ దినపు పందెంలోనూ, ఆ సంవత్సరపు మొత్తం పందెంలోనూ గెలిచినవాడు నడిచిన లపీజే. దిగనివానికి నూరు ఫ్రాంకులు, దిగినవానికి విజయం! పైగా ఆ పందెంలో గేర్లు మార్చే పరికరాన్ని 1937 వరకు అనుమతించలేదు. అంతవరకు మహావీరులు సైతం కొండ పాదాన సైకిలు దిగి, వెనుకచక్రం ఊడదీసి, పెద్దపళ్ళ వైపు తిప్పి బిగించుకొని మరల ఎక్కేవారు. దిగడం వారికి అవమానం కాలేదు. విధానంలో ఒక భాగమయినది.

దిగకూడదనే పట్టుదల ఎంతవరకు పోగలదో చెప్పే ఉదంతం కూడ ఆ పందెంలోనే ఉన్నది. 1967 జూలై 13న వాంతూ పర్వతం ఎక్కుతూ టామ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు శిఖరానికి కొద్ది దూరంలో కూలిపోయినాడు. లేపి సైకిలు మీద కూర్చోబెట్టగా మరికొంత దూరం పోయి, మరల పడిపోయి, మరి లేవలేదు. అతని వయస్సు 29 సంవత్సరాలు. ఆనాడు తీవ్రమైన ఎండ. ఒంట్లో నీరు ఇంకిపోయినది. అలసట తెలియనీయని ఉత్తేజకపు మందు అతని శరీరంలో ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఆ మందు చేసిన పని ఏమిటి? ఇక చాలుమని శరీరం చేసే విన్నపాన్ని మనసుకు వినబడకుండా చేయడమే. మేము మందు వాడలేదు. కాని తోటివారి నవ్వు అనే మందు మా మిత్రునిపై అదే పని చేసినది.

ఆ సంవత్సరం డిసెంబరులో మేము అయిదుగురం మరల ప్రయాణమయినాము. ఈసారి చేసిన మార్పులు చాలా చిన్నవి. వెనుక ఫ్రీవీలు తీయించి 22 పళ్ళది వేయించుకున్నాము. దానితో పెడలు చుట్టుకు ప్రయాణం నాలుగున్నర మీటర్ల లోపునకు తగ్గినది. ఆ మేరకు ప్రతి తొక్కుడూ తేలిక అయినది. చీకటి వీడుతుండగానే బయలుదేరినాము. తలకు రెండు సీసాల నీళ్ళు, వేరుసెనగ ఉండలు, అరటిపండ్లు క్యారియరుకు కట్టుకున్నాము. అన్నిటికంటె ముఖ్యంగా మూడు నియమాలు పెట్టుకున్నాము. మొదటిది: అందరికంటె నెమ్మదిగా పోయేవాడే ముందు ఉండాలి. రెండవది: నోట మాట ధారాళంగా రానంతగా ఆయాసం వచ్చినవాడు వెంటనే దిగి నడవాలి, ఎవరూ నవ్వరాదు. మూడవది: ఎవరైనా ఒకరు తిరిగిపోదామంటే అందరూ తిరిగిపోవాలి, కారణం అడగరాదు.

ఆ ఉదయం మేము అయిదుగురం దిగినాము, నడిచినాము, ఎక్కినాము, మరల దిగినాము. నెట్టుకుంటూ నడిచినప్పుడు, మొదటిసారి మా కంటబడని కొండ కంటబడినది. వంపు వంపుకూ గాలి చల్లబడడం, నీలగిరి చెట్ల వాసన, దిగువ పొలాలలో మొగ్గుతున్న మంచు చూచినాము. ఏప్రిల్‌లో మిత్రుడు పడిపోయిన చెట్టు దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరం ఆగినాము. అతడు నీళ్ళసీసా తీసి తాను తాగక ముందుగా మాకు అందించినాడు. గాలిబండ మీద నిలబడినప్పుడు మాలో విజయగర్వం కలగలేదు. అయిదుగురం వచ్చినామన్న తృప్తి కలిగినది.

దిగుడుబాటను గూర్చి ఒక మాట చెప్పడం అవసరం. కొండ నెక్కిన తరువాత పరీక్ష ముగిసినదనుకోవడం పెద్ద పొరపాటు. ఎక్కేటప్పుడు తప్పుచేస్తే ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు తప్పుచేస్తే లోయ వస్తుంది. మెరుగుపూత వేసిన ఇనుప రిమ్ములు మంచుకు, వానకు తడిస్తే బ్రేకు రబ్బర్లు వాటిని సరిగా పట్టవు. కావున బయలుదేరకముందే రబ్బర్లు మార్పించుకోవాలి. మలుపులోకి ప్రవేశించక మునుపే వేగం తగ్గించుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందుబ్రేకు ఒక్కదానినే హఠాత్తుగా నొక్కరాదు. తలకు హెల్మెట్టు తప్పనిసరి. బస్సులు తిరిగే దారి కావున తన ఎడమ అంచు విడువరాదు. నమ్మకం లేనిచోట ఇక్కడ కూడ దిగి నడవడమే ఉత్తమం.

ఇంతకూ మా వాదమేమిటి? మన కళాశాలల క్రీడాదినాలలో మొదట వచ్చినవానికి బహుమతి ఉన్నది, రెండవవానికి ఉన్నది, మూడవవానికి ఉన్నది. నాలుగవవానినుండి చివరివాని వరకు ఉన్నవారంతా ప్రేక్షకులే. పందెగాండ్రకు ఈ పద్ధతి తగినదే కావచ్చును. మనలో నూటికి తొంబదిమంది పందెగాండ్రు కారు. వారికి కావలసినది ఇతరులపై గెలుపు కాదు. తమ శక్తి ఎంతో తెలిసికొనే అవకాశం. పరదేశాలలో పుట్టి నేడు మన హైదరాబాదు వంటి నగరాలకు కూడ వచ్చిన దూరప్రయాణాల సంప్రదాయం ఒకటి ఉన్నది. అందులో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోపల ముగించిన వారందరూ సమానులే. మొదటివాడు, చివరివాడు అనే స్థానాలు లేవు. ఔత్సాహికునికి తగిన ఆదర్శం ఇది.

ఈ అవకాశం విద్యార్థినులకు కూడ ఉండాలి. సైకిలు స్త్రీకి తగదనేవారు చరిత్రను చూడవలె. 1924లో అల్ఫోన్సీనా స్ట్రాడా అనే ఇటలీ స్త్రీ ఆ దేశపు మహాపందెంలో పురుషులతో కలిసి పాల్గొని, గడువు మించి ఒకనాడు పోటీ లెక్కనుండి తొలగింపబడి కూడ, చివరి మజిలీ వరకు సైకిలు తొక్కింది. మనకు దగ్గరలోనే, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకం తొలి సంవత్సరాలలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం స్త్రీలు కూడ ఉన్నారు. బడికి, పనికి, సంతకు పోవడానికి మరొకరి దయకోసం ఎదురుచూడవలసిన అగత్యం వారికి తప్పినది. మా ఇండ్లలో అక్కచెల్లెళ్ళు మా ప్రయాణపు కథలు ఎంత ఆసక్తితో విన్నారో మాకు తెలుసు. వినడంతోనే వారు తృప్తిపడాలనడం న్యాయం కాదు.

కావున మన కళాశాల ఏటా శీతకాలంలో ఒకనాడు కొండప్రయాణం ఏర్పాటు చేయవలెనని మేము కోరుతున్నాము. అందులో బహుమతులు వద్దు, గడియారం వద్దు. ముందుగా వైద్యపరీక్ష, సైకిలు పరీక్ష జరగాలి. వెనుక ఒక వ్యాను, అందులో నీళ్ళు, మందులపెట్టె ఉండాలి. వయస్సు మీరిన అధ్యాపకులు కూడ రావాలి. వారు నడిచినంత మేర మేమూ నడుస్తాము. సగం కొండ ఎక్కి దిగినవారి పేర్లు కూడ శిఖరం చేరినవారి పేర్లతోపాటు ఒకే పట్టికలో వ్రాయాలి. తిరిగిపోవాలని నిర్ణయించడానికి కావలసిన ధైర్యం ఎక్కడానికి కావలసిన ధైర్యానికి తీసిపోదని మేము నేర్చుకున్నాము. ఆ పాఠానికి మేమిచ్చిన మూల్యం ఒక మిత్రుని ప్రాణం కాకపోవడం భగవంతుని దయ.

రేపు జీవితంలో మనకు ఎదురయ్యే ఎగుడుబాటలు హార్సిలీ కొండకంటె పెద్దవి. ఉద్యోగం దొరకని సంవత్సరాలు, ఇంటి బాధ్యతలు, అనారోగ్యాలు ఎదురవుతాయి. అక్కడ దిగి నడవవలసిన సమయాలు అందరికీ వస్తాయి. ఆనాడు తోటివాడు నవ్వుతాడా, లేక తన నీళ్ళసీసా అందిస్తాడా అన్నది ఈనాడు మనం కళాశాలలో అలవరచుకొనే సంస్కారంపై ఆధారపడి ఉంటుంది. "సగం కొండ సర్దార్లు" అన్న బిరుదును మేము ఇప్పటికీ వదులుకోలేదు. మిగిలిన సగానికి దారి చూపినది ఆ సగమే గనుక, దానిని సంతోషంతోనే ధరిస్తున్నాము.